అక్కడా పత్తే, ఇక్కడా పత్తే

చిలకలూరిపేట (మా విలేఖరి): ఈ చుట్టుపక్కల ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా అమెరికా కబురు లేకుండా పొద్దుగూకదు. పిల్లలు అక్కడ, పెద్దలు ఇక్కడ. కోడలి పురుటికనో, మనుమల్ని చూసుకోవటానికనో ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు ఊరికి నలుగురైదుగురు తేలతారు. వాళ్ళు చెప్పేది ఎక్కువగా రోడ్ల గురించి, పెద్ద దుకాణాల గురించి. ఆమధ్య డిసెంబరులో తిరిగివచ్చిన ఒక రైతు చెప్పిన సంగతులు వేరు. ఆయన అక్కడ పత్తి చేను చూసి వచ్చారు.

కొడుకు ఉండేది డల్లాస్. అక్కడి నుండి పడమరగా కారులో అయిదారు గంటలు పోతే లబ్బాక్ వస్తుంది. అమెరికాలో పత్తి అన్నిటికంటే ఎక్కువగా పండించేది టెక్సాస్ రాష్ట్రం. అందులో లబ్బాక్ చుట్టూ ఉన్న మైదానం పత్తికి పెట్టింది పేరు. నలభై ఏళ్ళు పత్తి చేసి, అంత దూరం పోయి చూడకుండా రావటమేమిటని కొడుకును పోరి తీసుకు వెళ్ళమన్నారాయన.

నవంబరు నెల. కనుచూపు మేర తెల్లటి చేను. చెట్టు మాత్రం మన దానిలో సగం ఎత్తు లేదు. మూడు నాలుగు తీతలు లేవు. ఆకు రాలాక ఒకే తీత, అదీ యంత్రంతో. దానిలో అద్దాల గదిలో ఒక్క మనిషి కూర్చుని నడుపుతుంటాడు. నడుస్తూ నడుస్తూ ఆ యంత్రం ప్లాస్టిక్ చుట్టిన పత్తి చుట్టను వెనక్కు దొర్లించి పోతుంది. ఒక్కొక్కటి రెండు టన్నుల పైమాటే. ఆటోల్లో దిగే కూలీలు లేరు, సద్ది క్యారేజీలు లేవు, చేలో మాటా పాటా లేదు. మనిషి అలికిడి లేని పత్తి చేను ఆయనకు కాస్త దిగులు పుట్టించిందట.

దిగులు అటుంచి, ఆయనను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. 2022లో వానలు లేక టెక్సాస్‌లో వేసిన పత్తిలో సగానికి పైగా తీయకుండానే వదిలేశారు. అంత కరువు వచ్చినా అక్కడి రైతు మళ్ళీ మరుసటి ఏడు చేనులో దిగాడు. అక్కడ పంటల బీమా గట్టిది. ప్రీమియంలో సగానికి మించి ప్రభుత్వమే భరిస్తుంది. ధర పడిపోయినా సాయం ఉంటుంది. ఈ సాయం ఎంత పెద్దదంటే, దీనివల్ల మా రైతులు నష్టపోతున్నారని బ్రెజిల్ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచింది. చివరకు 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నది.

ఆ పత్తికి మనకు సంబంధం లేదనుకోవద్దు. 2025 ఆగస్టు 19 నుండి ఆ ఏడాది ఆఖరు దాకా కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. ఆ నాలుగు నెలలూ ఆ చుట్టల దూది మన మిల్లుకు సుంకం లేకుండా రావటానికి వీలు కలిగింది. మన పత్తి తీతలు మొదలయ్యేదీ అప్పుడే.

ఇక మన సంగతి చూడండి. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక చేలు ఊడ్చిపెట్టుకు పోతే, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్ళు. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. 2025 మొదట్లో మిర్చి ధర కూలిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకోవలసి వచ్చింది. మనకు ఒక్క పంట పోతే పోయేది ఆ ఏటి రాబడి ఒక్కటే కాదు. అమ్మాయి పెళ్ళి ఆగుతుంది, అబ్బాయి కాలేజీ ఆగుతుంది.

అలాగని అక్కడ అంతా బంగారమేమీ కాదు. 1980 దశకంలో అక్కడా అప్పులు తీర్చలేక వేలాది రైతుల పొలాలు వేలానికి వచ్చాయి. ఇప్పటికీ అక్కడి రైతుల సగటు వయసు 58 ఏళ్ళు. వాళ్ళ పిల్లలూ మన పిల్లల లాగే ఊరు విడిచి పట్నం దారి పట్టారన్నమాట. వైద్యం మాట ఎత్తితే ఈ రైతు భార్య చెంపలు వేసుకుంటారు. ఒక రాత్రి ఆమెకు కడుపునొప్పి వస్తే అంబులెన్సు బిల్లుకు జడిసి కొడుకే కారులో వేసుకుని పోయాడు. ఇక్కడ 2005 నుండి 108 బండి పైసా లేకుండా గుమ్మం ముందుకు వస్తున్నది. కారు నడపటం రాని వాళ్ళకు అక్కడ కాళ్ళు ఉన్నా లేనట్టేనట. పొద్దస్తమానం తలుపులు వేసుకుని కొడుకు రాక కోసం ఎదురు చూడటమే పని.

ఐక్యరాజ్య సమితి 2025 నివేదికలో మానవాభివృద్ధిలో అమెరికాది 17వ స్థానం, మనది 130వ స్థానం. సగటు ఆయుర్దాయం అక్కడ 79 ఏళ్ళు, ఇక్కడ 72.

రచ్చబండ దగ్గర ఆ సాయంత్రం ఈ కబుర్లు వింటున్న వారిలో ఆయన పొలం కౌలుకు చేస్తున్నతను కూడా ఉన్నాడు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. కార్డు ఉంటే బ్యాంకు రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి దారి దొరుకుతుంది. భూమి చేజారుతుందేమోనని యజమానులు జంకుతున్నారు. ఈ ప్రాంతంలో చాలామంది కౌలు నోటిమాట మీదే నడుస్తున్నది.

అమెరికా బీమా గురించి అంతా విన్నాక అతను మెల్లగా అడిగాడు: "బాబాయ్, మరి నా కార్డు మీద సంతకం పెడితే నాకూ వచ్చుద్దిగా?"

నలుగురూ నవ్వారు. అడిగినతను నవ్వలేదు. "మిరప కోతలు కానీరా, చూద్దాం" అన్నారాయన.

కోతలు అయ్యాయి. కల్లాలు ఎత్తారు. టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్ళాయి. ఇది రాసే నాటికి సంతకం కాలేదు.