టోపీ పిస్తోలు, కొలిమి కుటుంబము

కాసిపేట వంటి గనులలో బొగ్గును పగులగొట్టు మందును చిన్న డిటోనేటరు పేల్చునని శ్రోతలెరుగుదురు. పాత టోపీ పిస్తోలులోని మర్మమును ఇట్టిదే.

చెకుముకి తుపాకి మెరుపు చూచి పక్షులు ముందే ఎగిరిపోవుచుండుట ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యునకు విసుగు గొలిపెను. దెబ్బకు పేలు పొడితో పనిచేయు తాళమునకు ఆయన 1807లో హక్కుపత్రము పొందెను. తరువాతివారు అట్టి పొడిని రాగి టోపీలో నదిమి, గొట్టము వెనుకనున్న బోలు మొనపై తొడిగిరి. గుఱ్ఱము టోపీపై పడును. నిప్పు మొనగుండా మందును చేరును. వానకు జంకు తగ్గెను.

కమ్మరి యింటికి మాత్రము చిక్కు వచ్చెను. మన సీమ కమ్మరులు సామాన్యులా! నిర్మలకు దక్షిణమున, గోదావరి కావల, కోనసముద్రపు ఉక్కుకై పర్షియా వర్తకులు వచ్చుచుండిరి. వాయిసీ దొర వ్రాసిన ఆ వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. అది కత్తుల ఉక్కు. గొట్టమునకు మెత్తని ఇనుమును చుట్టగా చుట్టి అతుకవలెను. తండ్రి గొట్టము చేయును, కొడుకు కమానుకు పదును పెట్టును, చెకుముకి రాయి నేలలోనే దొరకును. టోపీ యన్ననో, కార్ఖానా సరకు; అంగడిలో కొనవలసినదే.

పాతపెట్టెలో అట్టి పిస్తోలు కనబడినచో గుఱ్ఱము లాగి చూడకుడు; లోపల మందు మిగిలియుండవచ్చును. ఠాణాకు తెలుపుడు. పేల్చ వీలులేని పురాతనాయుధమును 1959 నాటి చట్టము వేరుగా చూచును. తుప్పును గరుకు కాగితముతో రుద్దకుడు. తాళపు రేకుపై చేసినవాని పేరున్నచో, ముందు పోవునది అదియే.