సెస్సు కట్టాం, పుస్తకాలేవి?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నిరుద్యోగుల చిరునామా. జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కూ, పోలీసు, టీచర్ కొలువులకూ చదివేవాళ్లే ఇక్కడ ఎక్కువ. హాల్లో చోటు దొరకకపోతే ఆవరణలో చెట్ల కింద కుర్చీ వేసుకుంటారు. ఇరుకు గదుల్లో సర్దుకునే ఈ పిల్లలకు పైసా ఖర్చు లేకుండా వెలుతురు, నిశ్శబ్దం దొరికేది ఇక్కడే.

కానీ వాళ్ల చేతుల్లో ఉన్న పుస్తకాలు చాలావరకు సొంతంగా కొన్నవో, జిరాక్స్ తీయించినవో. డబ్బుకు కటకటలాడే ఏ గ్రంథాలయంలోనైనా జీతాలు, కరెంటు బిల్లు ఆపలేరు. ఆగేవి కొత్త పుస్తకాల కొనుగోలు, ఖాళీల భర్తీ. పోటీ పరీక్షల అభ్యర్థి తన పుస్తకం తాను తెచ్చుకుంటాడు. కథల పుస్తకం కోసం వచ్చే బడిపిల్లలు, నవల ఇంటికి తీసుకెళ్లాలనుకునే గృహిణి మాత్రం రావడం మానేస్తారు.

ఈ దుస్థితి రాకూడదనే 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రత్యేక ఆదాయం ఏర్పాటు చేసింది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. దాన్ని నగరపాలక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు అప్పగించాలి. హైదరాబాద్‌లో అలా అప్పగించని సెస్సు బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతూ వచ్చాయి. బడ్జెట్ ప్రసంగంలో కోత అన్న మాట వినపడకుండానే కోత పడుతోంది. నష్టం అక్కడితో ఆగదు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రం పెట్టే వాటాకు జతగా నిధులిస్తుంది. ఇక్కడ వాటా తగ్గితే అక్కడి నుంచి రావలసిందీ తగ్గుతుంది.

ఈ నగరానికి గ్రంథాలయం కొత్త కాదు. నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్న ఆసఫియా 1891లో పుట్టింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు నిలబెట్టారు. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో వాళ్లు చేసిన పని అది. పన్ను కట్టే ప్రజలున్న ఈ రోజుల్లో మనం చేయలేమా?

గ్రంథాలయాలు ఎవరి దాతృత్వాన్నీ కోరడం లేదు. వాటి పేరున వసూలైన సొమ్మునే అడుగుతున్నాయి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వేదిక మీద ఉపన్యాసాలకు బదులు సెస్సు జమాఖర్చులు చదవాలి. ఎంత వసూలైంది, ఎంత అందింది, ఎన్ని పుస్తకాలు కొన్నారో ప్రజలకు చెప్పాలి. ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇంటికీ ఈ లెక్క అడిగే హక్కుంది. ఈసారి పన్ను కట్టినప్పుడు మీ ప్రజాప్రతినిధిని తప్పక అడగండి.