పునాదిరాయి కంటే ముందు పట్టా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వారి కాలంలో ఇంటికి కావలసినవి మంచి ముహూర్తం, నాలుగు బండ్ల రాయి, నమ్మకమైన మేస్త్రి. నేడు వీటన్నిటికంటే ముందు కావలసినది అనుమతి పత్రం. తమిళనాడులోని హోసూరు, డెంకణికోట, సూలగిరి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో రెండు చిక్కులు ఎదురవుతున్నవి. ఇంటిలో మాట్లాడేది తెలుగు, రెవెన్యూ కాగితాలు తమిళం. పైగా అనేక కుటుంబాలలో పట్టా ఇంకా తాతగారి పేరుతోనే ఉన్నది.

అనుమతి లేని కట్టడానికి నోటీసు ఇచ్చి పని నిలిపివేసే అధికారం, అవసరమైతే కూల్చివేసే అధికారం చట్టం ప్రకారం ప్రభుత్వానికి ఉన్నది. ఆమోదించిన ప్లాను లేనిదే బ్యాంకులు గృహ రుణం ఇవ్వడానికి ముందుకు రావు. జీవితకాలపు పొదుపంతా గోడలలో పోసిన తరువాత ఈ సంగతి తెలిస్తే చేయగలిగినది స్వల్పం.

సులభమైన మార్గం, పెరిగిన బాధ్యత

2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టింది. స్థలం 2,500 చదరపు అడుగులకు, కట్టడం 3,500 చదరపు అడుగులకు మించని ఇళ్లకు, అంటే నేల అంతస్తుకు గాని, దానిపై మరొక అంతస్తుకు గాని, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి రుసుము చెల్లించిన వెంటనే అనుమతి లభిస్తుంది. ముందుగా అధికారి వచ్చి స్థలాన్ని తనిఖీ చేయవలసిన పని లేదు.

అయితే ఇందులో గమనింపవలసిన విషయం ఒకటున్నది. కాగితాలు సక్రమమని చెప్పే పూచీ ఇక యజమానిదే. ఇచ్చిన వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దు కావచ్చును. కాబట్టి కాగితాలను ముందుగా అర్థం చేసుకొనడమే అసలు పని.

కాగితాలు చదివే విధం

‘కిరయ పత్తిరం’ అంటే క్రయపత్రం. ‘విల్లంగ సాన్రు’ అంటే ఆస్తిపై తాకట్టులు, అమ్మకాలు ఏమేమి నమోదైనవో తెలిపే పత్రం. తెలుగువారు ఈసీ అనేది ఇదే. ‘పుల పడం’ అంటే సర్వే నంబరు హద్దుల కొలతల పటం. ‘ఊరాట్చి’ అంటే గ్రామ పంచాయతీ.

నేల రకం కూడా పత్రాలలోనే తెలుస్తుంది. ‘నంజై’ మాగాణి, ‘పుంజై’ మెట్ట. ‘నత్తం’ అంటే ఊరిలో ఇళ్లకై ఏర్పడిన నేల, మన గ్రామకంఠం వంటిది. సాగు భూమిలో ఇల్లు కట్టదలచినవారు భూ వినియోగ మార్పిడికి వేరుగా ఆమోదం పొందవలసి ఉంటుంది. ‘పొరంబోకు’ అని, ‘ఏరి’ అని ఉన్నచో అది ప్రభుత్వ భూమి, చెరువు భూమి. ఎన్ని తరాలు అనుభవించినా దానిపై ఇంటికి అనుమతి ఆశించరాదు.

తాతగారి పేరు, అక్షరాల చిక్కు

పట్టా మరణించినవారి పేరుతో ఉంటే మొదట తహసీల్దారు కార్యాలయంలో ‘వారిసు సాన్రు’, అనగా వారసత్వ ధ్రువపత్రం పొందవలెను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి భాగపత్రం గాని, విడుదల పత్రం గాని రిజిస్టరు చేయించుకొని, తరువాత పట్టా మార్పిడికి దరఖాస్తు చేయవలెను. ‘కూట్టు పట్టా’ అంటే ఉమ్మడి పట్టా. అందులో ఒకరి వాటాను విడదీయాలంటే సర్వేయరు కొలిచి ఉపవిభాగం చేయాలి. దీనికి సమయం పడుతుంది గనుక ముహూర్తం పెట్టుకొనక ముందే ఆరంభించడం మంచిది.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకూ అంతే. తమిళం నుండి ఆంగ్లంలోకి మారేటప్పుడు గంగమ్మ కంగమ్మగా, బాలప్ప పాలప్పగా మారే అవకాశం ఉన్నది. ఆధార్, క్రయపత్రం, పట్టా మూడింటిలో పేరు ఒకే తీరుగా ఉన్నదో లేదో సరిచూసుకొనవలెను.

ప్లాటు కొన్నవారికి

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను ఇంటి స్థలాలుగా రిజిస్టరు చేయరాదన్న నిబంధన తమిళనాడులో 2016 అక్టోబరు 20 నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వం అమ్ముడైన ప్లాట్లను క్రమబద్ధం చేయుటకు 2017లో నియమాలు వెలువడినవి. క్రమబద్ధమైన ఉత్తర్వు లేనిదే ఇంటి అనుమతి కష్టం. కొనేముందే లేఅవుటు ఆమోద సంఖ్యను అడిగి తెలుసుకొనవలెను. ఇక ప్లానులో వాన నీటి సేకరణ గుంత తప్పక చూపాలి. 2003 నుండి రాష్ట్రమంతటా ఇది నిర్బంధం.

హద్దు దాటితే నియమం వేరు

సరిహద్దు గ్రామాలలో వియ్యంకులు మాలూరులో, మేనమామలు కుప్పంలో ఉండడం సహజం. వారి అనుభవం ఇక్కడ యథాతథంగా పనికిరాదు. కర్ణాటక గ్రామాలలో పంచాయతీ ఇచ్చే 9వ, 11వ నమూనా పత్రాలు ఇంటి స్థలానికి ఆధారం. ఆంధ్రప్రదేశ్ నియమాలు మరొక విధం. బంధుత్వానికి పొలిమేర లేదు గాని, చట్టానికి ఉన్నది. ఇల్లు ఏ రాష్ట్రపు నేలపై లేస్తుందో ఆ రాష్ట్రపు కాగితమే దానికి మొదటి పునాది.