ఇంజనున నీరు కారుట

మోటారు ఇంజనున నీరు కారుటకుఁ గారణ మెట్లు కనుఁగొనవలెనో చూతము. ఉదాహరణముగా ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వఱకు నిర్మించిన మాడల్ టీ కారును గైకొందము. తొలుతటి కొన్నిటికిఁ దప్ప దీనికి నీటిని త్రిప్పు పంపు లేదు. ఇంజనులో వేఁడెక్కిన నీరు తేలికయై పైగొట్టముగుండ రేడియేటరునకుఁ బోవును; అచ్చటఁ జల్లారి, బరువై, క్రిందిగొట్టముగుండ మరల ఇంజనును జేరును. నీటిమట్టము పైగొట్టపు నోటికంటెఁ దగ్గినచో ఈ ప్రవాహము నిలిచిపోవును. కావున స్వల్పముగా నీరు కారుచున్నను ఉపేక్షింపరాదు.

ఇంజను చల్లారిన పిదపనే రేడియేటరు మూఁత తీయవలెను. లేనిచో ఆవిరి చేతిని గాల్చును. నీరు నింపి, క్రింద పొడికాగితము పఱచి, తడి మొదట నెచ్చటఁ గనఁబడునో చూడవలెను. గొట్టపుఁ గొసలు తడిసినచోఁ బట్టీలు బిగింపవలెను. రబ్బరు పగిలినచోఁ గ్రొత్తది వేయవలెను. రేడియేటరు అతుకు విడినచోఁ దగరపు మాటు వేయింపవలెను. వెలుపల తడి లేకయే నీరు తగ్గుచు, నూనె పాలవలెఁ దెల్లనైనచో, నీరు లోపలికి దిగుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు సిలిండరుల పైమూఁతను విప్పి, గాస్కెటు చెడినదో, ఇనుము పగిలినదో పరీక్షింపవలెను. గాస్కెటు మాత్రమే చెడినచోఁ గ్రొత్తది వేసి, బోల్టులను నడుమనుండి అంచులకుఁ గ్రమముగా బిగింపవలెను.

కాఁగిన ఇంజనులోఁ జన్నీరు పోసినచోఁ బోతయినుము పగులవచ్చును. చిన్న చదువరులకు మేము చెప్పునది యొకటే: నీరు కారు చోటు తెలియక మరమ్మతు మొదలిడరాదు.