ఇంజిన్ మోగినా ట్రక్కు కదలదేం?

అమెరికాలో కొన్ని ఇళ్ల ముందు పికప్ ట్రక్కు నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. ఎప్పుడో సామాను మోయాల్సి వచ్చి తాళం తిప్పితే ఇంజిన్ మోగుతుంది కానీ, గేరు వేసినా బండి కాసేపు ఉలకదు, పలకదు. ఆపైన ఒక్క కుదుపుతో కదులుతుంది. ఎందుకు?

ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన ఫ్యాన్లలో ఒకదాని గాలికి రెండోదీ తిరిగినట్టు, ఇందులో ఒక చక్రం తోసిన నూనె ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. గేర్ల పెట్టె లోపలి క్లచ్ పలకల్ని బిగించేదీ ఈ నూనె ఒత్తిడే.

బండి వారాల తరబడి ఆగితే కన్వర్టర్‌లోని నూనె మెల్లగా అడుగు తొట్టెలోకి జారిపోవచ్చు. పంపు మళ్లీ నింపేదాకా బండి చక్రాలకు బలం అందదు. ఇంతవరకూ పెద్ద జబ్బేం కాదు. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు సీళ్లు గట్టిపడి, ఒత్తిడి నిలవకపోతేనే అసలు చిక్కు. అప్పుడు విసుగుపుట్టి యాక్సిలరేటర్ తొక్కారో, పలకలు జారి కాలతాయి; ఎర్రటి నూనె నల్లబడి మాడు వాసన కొడుతుంది.

ఈ గేర్ల నూనె మట్టం చూసే పుల్ల ఉన్న చాలా ట్రక్కుల్లో, ఇంజిన్ నడుస్తుండగానే మట్టం చూడాలి. ఆపి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది!

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, అప్పుడప్పుడూ బాగా వేడెక్కేదాకా నడపమని పెద్దవాళ్లకు చెప్పండి.