కోరమండల్ పేరు మోసిన మొక్క – దాని పెంపకము

మన చందర్లపాడు ప్రాంతమున రైతు దృష్టికి నేలపై మొలచునవి రెండే రకములు: పంట, కలుపు. ప్రత్తి, మిరప పంట క్రిందికి వచ్చును. తక్కినదంతయు కొడవలికో మందుకో అప్పగింపబడును. ఆ రెండవ రకములో మన తీరము పేరునే ధరించిన ఒక మొక్క కలదు. దానిని గుర్తించు విధమును, పెంచు విధమును ఈ వ్యాసమున వివరింపదలచినాము.

వృక్షశాస్త్రములో వెర్బాస్కం అను ప్రజాతి ఉన్నది. ఇందులో 300కు పైగా జాతులు కలవు. తుర్కియే దేశమున ఇవి మిక్కిలి విస్తారము. వీనిలో ప్రసిద్ధమైనది వెర్బాస్కం థాప్సస్. కాశ్మీరము మొదలు హిమాలయ సానువులలో ఇది పెరుగును. దాని వెడల్పాటి నూగు ఆకులను చూచి ఉర్దూ, హిందీ ప్రజలు దానికి 'గీదడ్ తంబాకూ' అని పేరు పెట్టినారు. నక్క పొగాకు అని అర్థము. ఐరోపాలో దీని ఆకులను, పూలను దగ్గుకు కషాయముగా కాచి త్రాగుట తరతరాల అలవాటు. ఇది మొదటి ఏడు ఆకులు మాత్రమే వేసి, చలికాలము గడచిన పిమ్మట రెండవ ఏట పూయును. కావున మన ఎండలలో దానిని పెంచబూనుట వృథాశ్రమ.

మనకు తగినది దాని చెల్లెలు వంటి వేరొక జాతి. పద్దెనిమిదవ శతాబ్దము చివర మార్టిన్ వాల్ అను శాస్త్రజ్ఞుడు దీనిని సెల్సియా కోరమండెలియానా అని వర్ణించినాడు. లిన్నేయస్ తన పోషకుడైన ఓలోఫ్ సెల్సియస్ పేరిట సెల్సియా ప్రజాతిని ఏర్పరచినాడు. రెండవ మాట మన తూర్పు తీరము పేరు. తరువాతి శాస్త్రజ్ఞులు సెల్సియాను వెర్బాస్కంలో కలిపి, ఈ మొక్కను వెర్బాస్కం చైనెన్స్ అని పిలుచుచున్నారు. సంస్కృత నిఘంటువులలో కులాహలము అను పేరు దీనికి కనబడును.

గుర్తించుట కష్టము కాదు. ఇది ఒక్క ఏటి మొక్క. సుమారు రెండు మూడడుగుల ఎత్తు పెరుగును. అడుగు ఆకులు ముల్లంగి ఆకువలె చీలి యుండును. పొడవైన కంకిపై పసుపుపచ్చని పూలు ఒకటొకటిగా విచ్చును. పూవులో కేసరములు నాలుగే. వాని కాడలకు ఊదారంగు నూగు ఉండును. థాప్సస్‌కు కేసరములు ఐదు. భారతదేశపు మైదానములలో తడి ఆరుచున్న పొలములలోను, ఏటి ఒడ్డులలోను ఇది శీతకాలమున కనబడును. కృష్ణ, మునేరుల ఒడ్డు నేలల వంటివి దీనికి అనుకూలములు.

పెంపకమునకు కార్తీకమాసము తగిన కాలము. మన నల్లరేగడిలో నీరు నిలుచును గనుక గట్టువలె ఎత్తు చేసి, ఇసుక కలిపి మడి సిద్ధము చేయవలెను. మట్టిని చదును చేసి, తడిపి, అరచేతితో అదుమవలెను. విత్తనము మిక్కిలి సన్నము. పొడి ఇసుకతో కలిపి పైపైన చల్లవలెను. మీద మట్టి కప్పరాదు. ముఖ్యమైన మెలకువ ఇదియే. వెర్బాస్కం విత్తనము మొలకెత్తుటకు వెలుతురు కావలెను. లోతున పడినది నిద్రించును. నీటిని ధారగా పోయక చిలకరింపవలెను. మొలకలు నిలద్రొక్కుకొన్న పిదప అడుగు దూరమున కొకటి యుంచి తక్కినవి తీసివేయవలెను. కాయలు గోధుమరంగుకు తిరిగినంతనే, పగులక మునుపే, కంకి కోసి గుడ్డపై ఆరబెట్టవలెను.

లోతున నిద్రించిన విత్తనము చచ్చినది కాదు. అమెరికాలోని మిచిగాన్‌లో విలియం బీల్ అను ఆచార్యుడు 1879లో ఇసుకతో కలిపిన విత్తనములను 20 సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టినాడు. ఆయన అనంతరము శిష్యప్రశిష్యులు నియమిత కాలములకు ఒక్కొక్క సీసాను తీసి పరీక్షించుచున్నారు. 2000లో తీసిన సీసాలో వెర్బాస్కం బ్లట్టేరియా విత్తనములు 50లో 23 మొలచినవి. 2021లో, అనగా నూట నలుబది యేండ్లు దాటిన తరువాత కూడ, వెర్బాస్కం విత్తనములు మొలకెత్తినవి. మిగిలిన సీసాలలో చివరిది 2100లో వెలికి రావలసి యున్నది. పొలము దున్నిన వెంటనే ఎక్కడిదో కలుపు పుట్టుకొచ్చినదని రైతు విసుగుకొనుటకు కారణము ఇందులోనే ఉన్నది. నాగలి పాత విత్తనమునకు వెలుతురు చూపినది, అది లేచినది.

ఒకటి రెండు హెచ్చరికలు. ఈ మొక్క ఆకురసమును విరేచనములకు సంప్రదాయ వైద్యమున వాడినట్లు గ్రంథములు చెప్పును. అయినను వైద్యుని సలహా లేక ఎవరును సేవింపరాదు. థాప్సస్ విత్తనములలోని సపోనిన్‌లు చేపలకు విషము. కొన్ని దేశములలో చేపలు పట్టుటకు వానిని నీట కలిపెడివారు. కావున ఈ ప్రజాతి విత్తనములను చెరువులలో వేయరాదు. నూగు గొంతున గుచ్చుకొనును గనుక ఐరోపావారు సహితము కషాయమును గుడ్డతో వడగట్టియే త్రాగుదురు.

పంటను నష్టపరచు కలుపును తీయవద్దని మేము చెప్పుట లేదు. తీయక తప్పదు. అయితే పేరు తెలిసి తీయుటకును, తెలియక తీయుటకును భేదమున్నది. గట్టుమీద నాలుగు మొక్కలను నిలిపినచో పంటకు నష్టము రాదు. మన తీరము పేరు పుస్తకములో మాత్రమే మిగిలిపోకుండును. మన విద్యార్థులు ఈ శీతకాలమున ఒక్క పూవును కోసి కేసరములు లెక్కించినచో ఈ వ్యాసము సార్థకమైనట్లే.