కుమ్ములో కాల్చిన ఆలుగడ్డ

మంట చల్లారి, కట్టెలు నిప్పులై, ఆ నిప్పుల మీద బూడిద పలచగా పరుచుకున్న స్థితిని తెలుగులో కుమ్ము అంటారు. పొలంలో వేసిన నెగడులోనైనా, వాకిట్లో వేసుకున్న చలిమంటలోనైనా గడ్డలు కాల్చుకునేవారికి కావలసింది ఎగసిపడే మంట కాదు, ఈ కుమ్మే. కర్ణాటక ఈశాన్యపు కొసన, తెలంగాణకు ఆనుకొని ఉన్న బీదర్ జిల్లా పల్లెల్లో మార్గశిరం నుంచి మాఘం దాకా దీనికి చేతినిండా పని ఉంటుంది. పాలు పట్టిన జొన్నకంకులు, కాయలతో సహా పీకిన పచ్చిసెనగ మొక్కలు, కందగడ్డలుగా పిలిచే చిలగడదుంపలు, ఆలుగడ్డలు ఇందులో కాలుతాయి. వీటన్నిటిలోనూ ఈ నేలకు ఆలస్యంగా వచ్చినవి గడ్డలే అయినా, కాల్చే పద్ధతి మాత్రం వాటికోసం కొత్తగా పుట్టింది కాదు. అవి వచ్చేనాటికే ఇక్కడ సిద్ధంగా ఉంది.

బీదర్ పట్టణం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తులో, ఇనుము పాలు ఎక్కువై ఎర్రబారి సందులు సందులుగా ఉండే లాటరైట్ రాతి నేల మీద నిలిచి ఉంది. ఆ గట్టు దిగితే మంజీరా, కారంజా నదుల పరీవాహకంలో నల్లరేగడి పొలాలు పరుచుకుని ఉంటాయి. కర్ణాటకలో చలికాలపు రాత్రులు బాగా చల్లబడే ఊళ్ళలో ఇది ఒకటి కావడం వల్ల, డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యాస్తమయం తరువాత చలిమంట ఇక్కడ వినోదం కాదు, అవసరం. కన్నడం, తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలగలిసి వినిపించే ఈ జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. భాషల ప్రాతిపదికన రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు జిల్లాలో ఒక భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్ళగా, తెలుగువారు ఎక్కువగా ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌కు, ఆ తరువాత తెలంగాణకు దక్కాయి.

ఆలుగడ్డ ప్రస్తావనకు ఈ విభజనతో సంబంధం ఉంది. నేడు తెలంగాణలో ఆలుగడ్డ సాగుకు పేరు పడిన ప్రాంతం జహీరాబాదే. ఒకప్పటి బీదర్ జిల్లాలోని ఆ ఎర్రనేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తనపు గడ్డ నాటి, సంక్రాంతి దాటాక తవ్వుతారు. ఆలు మొక్క వేరు దగ్గర గడ్డ ఊరాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌ను మించితే ఆకు ఏపుగా పెరుగుతుంది గానీ గడ్డ సరిగా ఊరదు. అంటే రైతును నెగడు దగ్గరికి చేర్చే చలే నేలలో ఆలుగడ్డను పెంచుతుంది, గడ్డ తవ్వే నెలలూ మంట వేసుకునే నెలలూ ఒకటే కావడానికి కారణం ఇదే.

పొలానికి వెళ్ళి తినడం ఈ సీమలో ఒక పండుగ కూడా. మార్గశిర అమావాస్యను కన్నడంలో ఎళ్ళమావాస్య, సరిహద్దు దాటిన లాతూరు ప్రాంతంలో వేళ అమావాస్య అంటారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ, చుట్టపక్కాలతో సహా, పొలానికి వెళ్ళి, జొన్నచొప్పతో వేసిన చిన్న గుడిసెలో రాళ్ళు నిలిపి పూజచేసి, పచ్చిగింజలు, ఆకుకూరలు, కూరగాయలు కలిపి ఉడికించిన భజ్జీని, జొన్నరొట్టెలను, మజ్జిగ కలిపిన జొన్న అంబలిని ఆరగిస్తారు. భజ్జీ కుండలో ఉడికేది, దానికి మంట కావాలి. కుమ్ముది మాత్రం కుండ దించిన తరువాతి వ్యవహారం. సరిగ్గా ఆ రోజులకే యాసంగి జొన్న పాలు పట్టి ఉంటుంది. ఆ కంకులను పిడకల నిప్పుల్లో కాల్చి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేస్తే మిగిలే లేత గింజలను తెలుగువారు ఊచబియ్యమనీ, కన్నడిగులు సీతనీ అనీ, మరాఠీలు హుర్డా అనీ పిలుచుకుంటారు. జొన్న ఆలుగడ్డకన్నా వేల ఏళ్ళ ముందు నుంచీ ఈ దేశంలో ఉన్నది కనుక, కుమ్ములో కాల్చే విద్యకు అసలు వారసత్వం దానిదే అనుకోవచ్చు.

ఆలుగడ్డ ఎంత కొత్తదో తెలుసుకోవడానికి బీదర్ నడిబొడ్డునే ఒక గుర్తు ఉంది. బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ తన పేరిట నిలిచిన మదరసాను 1472లో పూర్తిచేశాడు. ఆ మదరసా మీనారు లేచేనాటికి ఆలుగడ్డ అనే పంట ఒకటి ఉందని ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాల్లో ఎవరికీ తెలియదు. మిరపకాయ, మొక్కజొన్న, వేరుసెనగ సంగతీ అంతే. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, నేటి పెరూ, బొలీవియాల నడుమ ఉన్న టిటికాకా సరస్సు పరిసరాల్లో వేల ఏళ్ళుగా సాగవుతున్న ఆ గడ్డ, 1492లో కొలంబస్ సముద్రయానం తరువాత గాని బయటి ప్రపంచం ముఖం చూడలేదు. పదహారో శతాబ్దం చివరి భాగంలో స్పెయిన్ చేరి, ఆ తరువాత పోర్చుగీసుల ఓడల్లో భారత పశ్చిమతీరానికి వచ్చి, ఆంగ్లేయుల ప్రోత్సాహంతో పద్ధెనిమిదో శతాబ్దం చివరి నుంచి దేశం లోపలికి పాకింది. శివరాత్రి ఉపవాసానికి పవిత్రాహారంగా ఉడికించుకునే కందగడ్డ పుట్టిల్లు కూడా అమెరికాయే కావడం, ఆచారాలు ఎంత త్వరగా కొత్తవారిని ఇంటివారిని చేసుకుంటాయో చెబుతుంది.

గడ్డను నిప్పులో కాల్చుకోవడం మాత్రం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో దొరికిన, సుమారు 1,70,000 ఏళ్ళ కిందట కాలిన పిండిదుంపల అవశేషాల గురించి 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు; ఆనాటి మనిషికి కుండ లేదు కనుక అతని వంటపాత్ర కుమ్మే అయి ఉండాలి. ఆండీస్ రైతులైతే ఆలుగడ్డ తవ్వే రోజుల్లో పొలంలోని మట్టిపెళ్ళలనే గుమ్మటంలా పేర్చి, లోపల మంట వేసి, పెళ్ళలు బాగా కాలాక గడ్డలను అందులో పడేసి, గుమ్మటాన్ని వాటి మీదికే కూలదోసి మగ్గనిస్తారు. వాతియా అనే ఆ పద్ధతిలో ఇంధనం తప్ప తక్కినదంతా ఆ పొలానిదే. ఎండినప్పుడు పెద్దపెద్ద పెళ్ళలు లేచే బీదర్ రేగడిలో దీన్ని చేసి చూడడానికి అడ్డేమీ ఉన్నట్టు తోచదు.

ఇక కుమ్మే ఎందుకు, మంట ఎందుకు పనికిరాదు అన్న ప్రశ్నకు సమాధానం గడ్డ స్వభావంలోనే ఉంది. పచ్చి ఆలుగడ్డలో అయిదింట నాలుగు వంతులు నీరే. మిగిలినదానిలో అధికభాగం పిండిపదార్థం. లోపలి వేడి 60 నుంచి 70 డిగ్రీలకు చేరినప్పుడు పిండి రేణువులు చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. మరికొంత వేడెక్కాక కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు సడలుతుంది. గడ్డ ఉడకడం అంటే ఈ రెండూ జరగడమే. నీరు ఉన్నంతసేపు లోపలి ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయిని దాటదు. బీదర్ ఎత్తులో అది 98 డిగ్రీల చేరువలో ఉంటుంది. బయట ఎంత మంట పెట్టినా లోపల ఉడుకు వేగం పెద్దగా పెరగదు, తొక్క మాత్రం మాడుతుంది. పైగా వేడి లోపలికి పాకడానికి పట్టే కాలం గడ్డ మందాన్ని బట్టి కాక ఆ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే రెండింతల లావు గడ్డకు సుమారు నాలుగింతల సేపు పడుతుంది. నిమ్మకాయంత గడ్డ పావుగంటకు అటూ ఇటూగా తయారైతే, పిడికిలంత గడ్డకు గంట ఓపిక పట్టవలసిందే. అన్నిటినీ ఒకేసారి తీయాలనుకునేవారు ఒకే సైజు గడ్డలు ఏరుకోవడం మంచిది.

కణకణలాడే నిప్పు వేడి 600 డిగ్రీలకు పైనే ఉంటుంది. దాని మీద చేరిన బూడిద రేణువుల మధ్య గాలి చిక్కుకుని ఉండడం వల్ల అది కప్పిన దుప్పటిలా పనిచేసి, సెగను నెమ్మదిగా, అన్ని వైపుల నుంచీ సమంగా గడ్డకు అందిస్తుంది. ఈ పనికి పిడకలను మించినవి లేవు. పిడక భగ్గున మండదు, రాజుకుని నిదానంగా కాలుతుంది, కాలిన తరువాత కూడా ఆకారం చెదరకుండా నిప్పును లోపల దాచుకుంటుంది. కందికట్టె త్వరగా అంటుకుంటుంది కనుక మంట మొదలుపెట్టడానికి బాగుంటుంది. నిప్పు నిలవడానికి తుమ్మ మొద్దు కావాలి. పురుగుమందు కొట్టిన పత్తికట్టెను, విషపూరితమైన గన్నేరు కొమ్మలను ఈ మంట దరికి రానీయకూడదు.

కాల్చేవారు ముందుగా గడ్డకు అంటిన మట్టి దులిపి, ఆవిరి బయటికి పోవడానికి పుల్లతో రెండు మూడు చోట్ల పొడుస్తారు. ఆ తరువాత నిప్పులను పక్కకు నెట్టి, వేడి బూడిదలో గడ్డను దిగేసి, మీద మళ్ళీ బూడిద, ఆ పైన నిప్పులు కప్పి, మధ్యలో ఒకటి రెండుసార్లు మాత్రమే తిరగేస్తారు. కొంతసేపటికి పొడిచిన రంధ్రం దగ్గర నీటి బొట్టు బుసబుసమని పొంగి, అక్కడే గోధుమరంగు మరకగా ఎండిపోతుంది. తొక్క ముడతలు పడి, గుజ్జు నుంచి విడివడి, తట్టితే గుల్లగా పలుకుతుంది. కందిపుల్ల గుచ్చితే నడిమి దాకా అడ్డులేకుండా దిగినప్పుడు గడ్డ సిద్ధమైనట్టు. తొక్క అడుగున ఏర్పడే ఆ గోధుమరంగు పొరలోనే కాల్చిన గడ్డ రుచంతా ఉంది. నీరు ఇగిరి ఉష్ణోగ్రత 140 డిగ్రీలు దాటిన చోట చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందలాది సువాసన పదార్థాలుగా మారతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి రసాయనవేత్త పేరు మీద దీనిని మయార్ చర్య అంటారు. నీళ్ళలో ఉడికిన గడ్డకు ఆ భాగ్యం లేదు. ఈ మధ్య చాలామంది చేస్తున్నట్టు అల్యూమినియం రేకులో చుట్టి నిప్పుల్లో పెట్టినా గడ్డ తన ఆవిరిలో తానే ఉడుకుతుంది గానీ కాలదు. శుభ్రత దక్కుతుంది, రుచి పోతుంది.

కందగడ్డ విషయంలో నిదానం మరో మేలు చేస్తుంది. దానిలో పిండిని మాల్టోస్ అనే చక్కెరగా విడగొట్టే ఒక ఎంజైము, అంటే రసాయన చర్యను వేగిరపరిచే ప్రోటీను, ఉంటుంది. అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేసి, అంతకు మించితే నశిస్తుంది. కుమ్ములో గడ్డ ఆ మెట్టును మెల్లగా దాటుతుంది కనుక చక్కెర తయారవడానికి వ్యవధి ఎక్కువ దొరుకుతుంది, అందుకే గబగబా ఉడికించినదానికన్నా కాల్చినది తియ్యగా ఉంటుంది.

ఆలుగడ్డలో రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలన్నిటికీ ముందు కుఫ్రీ అనే ఊరి పేరు ఉంటుంది. వాటిలో నీటిపాలు ఎక్కువగా ఉండే కుఫ్రీ పుఖ్‌రాజ్ వంటివి కాలిస్తే మెత్తగా, తేమగా వస్తాయి. చిప్స్ కోసం రూపొందించిన కుఫ్రీ చిప్సోనా రకాల్లో నీరు తక్కువ, పిండి ఎక్కువ కనుక పొడిపొడిగా విడిపోతాయి. కుమ్ముకు రెండో జాతే మేలు.

రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఎండ తగిలి ఆకుపచ్చగా మారిన గడ్డల్లో సోలనిన్ అనే చేదు విషం పెరుగుతుంది, అది నిప్పుకు పోదు కనుక వాటిని ముందే ఏరి పారేయాలి. పిండిపదార్థం బాగా వేడెక్కి మాడినప్పుడు ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నూనె మూకుళ్ళలో వేయించినవాటికీ ఇది వర్తిస్తుంది. నల్లబడిన తొక్కను వలిచేసి గోధుమరంగు పొర దాకే తినేవారికి భయపడవలసింది పెద్దగా లేదు. చల్లని గిడ్డంగుల్లో నెలల తరబడి ఉన్న గడ్డల్లో పిండి కొంత చక్కెరగా మారి ఉంటుంది గనుక అవి త్వరగా నల్లబడతాయి. పొలంలో అప్పుడే తవ్విన గడ్డకు ఆ ఇబ్బంది ఉండదు.

వలిచిన గడ్డను చేత్తోనే చిదిమి, ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకోవచ్చు. బీదర్ వైపు జొన్నరొట్టెకు తోడుగా ప్రతి ఇంటా ఉండే అవిసె గింజల పొడి, పల్లీల పొడి దీనికీ బాగా కుదురుతాయి. పక్కన గడ్డపెరుగు ఉంటే వేరే కూర అక్కరలేదు. తినడం ముగిశాక కుమ్మును అలా వదిలి రాకూడదు. ఆ రోజుల్లో చుట్టూ ఉండేది ఎండుముఖం పట్టిన కంది చేనూ, కోసి కుప్పవేసిన చొప్పా కనుక, బూడిద మాటున దాగిన నిప్పు మీద నీళ్ళు చల్లి, కర్రతో కలియబెట్టి, చెయ్యి పెట్టి చూసి, సెగ తగలనప్పుడే అక్కడినుంచి లేవాలి.